మూడు వందల పన్నెండు ఇళ్ళ ఆడపడుచు

మా ఊళ్ళో పెళ్ళికి శుభలేఖలు అచ్చు వేయించడం శుద్ధ దండగ. బంగారు రంగు వినాయకుడు ఉన్నదైనా, తెరిస్తే సన్నాయి మోగేదైనా, తీసుకుని కిటికీ ఊచల మధ్య దోపి మర్చిపోతారు. పెళ్ళికి రాలేదేమని తర్వాత అడిగితే, బొట్టు పెట్టి పిలిచినారేటి అని ఎదురు అడుగుతారు. ఆ బొట్టు పెట్టి పిలిచే పని ముప్పై రెండేళ్ళుగా లక్ష్మణమ్మది. చేతిలో స్టీలు కుంకుమ భరిణె, కాళ్ళకి హవాయి చెప్పులు. పొద్దున్న ఏడింటికి పడమటివీధి చివర మొదలుపెడితే పదకొండు గంటలకి ఊరంతా చుట్టేస్తుంది. కూడా వచ్చిన పెళ్ళివారి ఆడవాళ్ళు ఆవిడ వెనక నడవలేక మధ్యలో ఎవరి అరుగు మీదో కూలబడతారు.

ఊరు నీలంవలస. నరసన్నపేటలో హైవే దిగి ఆటో ఎక్కితే పావుగంట. ఇళ్ళు మూడు వందల పన్నెండు. నాకు పేట బస్టాండు దగ్గర జెరాక్సు, ఆన్‌లైన్ పనుల కొట్టు ఉంది గానీ కాపురం ఊళ్ళోనే. లక్ష్మణమ్మ నాకు అత్త వరస. ఎలాగో నాకు తెలియదు. ఒకసారి అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది, నా ఆటో వెళ్ళిపోయింది.

ఊళ్ళో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడకి కంఠతా వచ్చు. ఇది చిన్న విద్య అనుకోకండి. మా దగ్గర పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవరు. బావా అనాలి, మావా అనాలి, పిన్నీ అనాలి, వదినా అనాలి. బావ వరసవాణ్ణి అన్నా అని పిలిస్తే అతనికి మీతో వేళాకోళమాడే హక్కు పోతుంది. ఆ హక్కు కోసం మా ఊళ్ళో మగవాళ్ళు ఆస్తి కన్నా గట్టిగా పోట్లాడతారు. వదిన కావలసినావిడని అక్కా అన్నందుకు ఒక ఇంట్లో నాకు మూడేళ్ళు మజ్జిగ పోయలేదు.

అందుకే ఎన్నికలు వచ్చాయంటే లక్ష్మణమ్మ గిరాకీ చూడాలి. మా అభ్యర్థులు ఐదేళ్ళకోసారి ఊళ్ళోకి దిగుతారు. దిగినవాడికి ఎవరు మావో ఎవరు బావో గుర్తుండదు. అందుకని ఆవిడని ముందు నడిపించుకుంటారు. గుమ్మం దగ్గరికి రాగానే ఆవిడ వెనక్కి తిరక్కుండానే పెదవి విప్పీ విప్పనట్టు వరస అందిస్తుంది. అభ్యర్థి దాన్ని అందుకుని, పుట్టినప్పటి నుంచీ ఆ ఇంట్లోనే అన్నం తిన్నట్టు లోపలికి వెళ్ళి చేతులు పట్టుకుంటాడు. ఇందుకు ఆవిడ ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోదు. ఒకటే షరతు. నిలబడ్డ మనిషే నడవాలి, బదులు మనుషులు కుదరరు. నిలబడిన ప్రతి ఒక్కరికీ ఒక్కో రోజు ఇస్తుంది. ఓటు ఎవరికి వేస్తుందో కట్టుకున్న నరసింగరావుకి కూడా చెప్పదు. ఆయన అడిగే రకమూ కాదు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, వచ్చేపోయే ట్రాక్టర్లని చూసే ఉద్యోగం ఆయనది.

ఈసారి సర్పంచి పదవి ఆడవాళ్ళకి వచ్చింది. రావడంతోనే ఊళ్ళో మగవాళ్ళందరూ తమకి భార్యలున్న సంగతి గుర్తు తెచ్చుకున్నారు. చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు కిరాణాకొట్టు ధర్మారావు భార్య ఝాన్సీలక్ష్మి, గుర్తు కత్తెర. ఇంకొకరు కాంట్రాక్టరు ధనరాజ్ భార్య దుర్గాభవాని, గుర్తు ఉంగరం. భవాని ఫ్లెక్సీలో ధనరాజ్ నిలువెత్తున నమస్కారం పెడుతూ ఉన్నాడు. కింద మూలన, ఆధార్ కార్డులో ఉన్నంత ఫొటోలో, నిలబడ్డ మనిషి ఉంది.

లక్ష్మణమ్మ మొదటి రోజు ఝాన్సీలక్ష్మికి ఇచ్చింది. కొట్టు వాళ్ళది మూడు తరాలుగా మా ఊళ్ళోనే ఉంది గానీ, వాళ్ళు కోమట్లు, మేము రైతులం, పెళ్ళి సంబంధాలు లేవు కాబట్టి వరసలు అంత పట్టింపు లేదు. పైగా ఆవిడకి అవి నేర్చుకునే ఓపిక అసలే లేదు. లక్ష్మణమ్మ "పెద్దమ్మ" అని అందిస్తే, ఆవిడ తిన్నగా "ఏం గురమ్మగారూ, మీ వీధి కుళాయికి నీళ్ళు ఏ రోజుల్లో వస్తున్నాయి" అని నోటుపుస్తకం తీసింది. ఏ ఇంట్లో ఏ సబ్బు వాడతారో, ఏ పిల్లాడికి ఏ బిస్కెట్టు కావాలో ఆవిడకి తెలుసు. ఎవరు ఎవరికి మావో మాత్రం అక్కర్లేదు. ముప్పై ఇళ్ళు తిరిగేసరికి లక్ష్మణమ్మకి ఒళ్ళు మండిపోయింది. పేరెట్టి పిలిస్తే ఓట్లేత్తారేటమ్మా, ఆజరు తీసుకోడానికొచ్చినావా అనేసి, మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేసింది. ఊళ్ళో కూడా ఆ మాటే పాకింది. నేనూ నవ్వినవాళ్ళలో ఒకణ్ణి.

రెండో రోజు ధనరాజ్ వచ్చాడు. ఒట్టి చేతులతో రాలేదు, పాటతో వచ్చాడు. విజయనగరంలో ఎవరి చేతో రాయించి, డప్పులు కలిపి రికార్డు చేయించాడట. ఫోనులో వినిపించాడు. మూడు వందల పన్నెండు ఇళ్ళ ముద్దుల ఆడపడుచు మన భవానమ్మ అని పల్లవి. ఊళ్ళో ప్రతి మగవాడికీ ఆవిడ చెల్లెలో అక్కో కావాలి, పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల చెయ్యి చాపితే కాదనేవాడు ఉండడు, అదీ అతని ఎత్తు. కాబట్టి ప్రతి ఇంటికీ అన్నయ్య, తమ్ముడు వరస కలిపే దారి చూడమన్నాడు.

లక్ష్మణమ్మ మొదట ఒప్పుకోలేదు. భవాని పుట్టిల్లు గజపతినగరం దగ్గర, ఈ ఊరికి కోడలు. కోడలికి అత్తింటి నుంచి వరసలొస్తాయి గానీ పుట్టింటి నుంచి కాదు. అందులోనూ ఇరవై మూడు ఇళ్ళు ధనరాజ్ ఇంటిపేరు వాళ్ళే, వాళ్ళు ఆ పిల్లకి బావలూ మరుదులూ అవుతారు. ఆ ఇరవై మూడూ వదిలెయ్యమంది. ధనరాజ్ కుదరదన్నాడు. పాటలో మూడు వందల పన్నెండు అని రికార్డయిపోయింది, ఇప్పుడు రెండు వందల ఎనభై తొమ్మిది అంటే తాళానికి పడదు. అని ఊరుకోకుండా, ఆఖర్న ఒక్క మాట అన్నాడు. "నీకు సేతకాదంటే సెప్పీ అత్తా, ఇంకెవలినైనా సూసుకుంటాను."

అదిగో, ఆ మాటతో పడింది. ముప్పై రెండేళ్ళలో ఆవిడని చేతకాదన్నవాడు లేడు. అరుగు మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని, రెండు రోజులు వరసలు కట్టింది. భవాని తల్లి ఊరు, అమ్మమ్మ ఊరు, మేనత్తని ఇచ్చిన ఊరు, అన్నీ తవ్వింది. ఎక్కడెక్కడి నుంచో పట్టుకొచ్చి మా ఊరి మగవాళ్ళందర్నీ భవానికి అన్నదమ్ముల్ని చేసేసింది. ఆవిడ చెప్తూంటే నేను టైపు చేశాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది. ఇంటి నంబరు, యజమాని పేరు, వరస. పన్నెండు పేజీలు వచ్చింది. ఆఖరి పేజీ మిషన్లోంచి బయటికి వస్తుంటే లక్ష్మణమ్మ మొహం చూడాలి. కొత్త చీర కట్టుకున్నట్టు ఉంది.

"సూడు అల్లుడా," అంది, "ఒక్క ఇల్లు మిగల్లేదు."

ఇక ఊరేగింపు. ముందు డప్పులు, వెనక పాట, నడుమ భరిణె పట్టుకుని లక్ష్మణమ్మ, ఆవిడ పక్కన తల వంచుకుని దుర్గాభవాని. జాబితా కాపీలు అనుచరుల చేతుల్లో. గుమ్మం రాగానే వాళ్ళలో ఒకడు చదివేవాడు, ధనరాజ్ మాట్లాడేవాడు, భవాని చేతులు జోడించేది. ఆ రోజంతా ఆ మనిషి నోటి నుంచి మంచినీళ్ళు అన్న మాట తప్ప ఇంకొకటి నేను వినలేదు. మూగదా అని ఎవరో అడిగారు కూడా. కాదు, పెళ్ళయిందంతే, అన్నాను. ఊరు మాత్రం ఊగిపోయింది. అరవై ఏళ్ళ ముసలాళ్ళు కూడా చెల్లెలొచ్చిందని కళ్ళు తుడుచుకున్నారు. ఎన్నికలయ్యేదాకా నీలంవలసలో అందరూ తోబుట్టువులే.

ఇక్కడ కుమారి సంగతి చెప్పాలి. కుమారి లక్ష్మణమ్మ కొడుకు కూతురు. పేటలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. తూర్పువీధి ఎల్లాజీ కొడుకు గోపి భోగాపురం విమానాశ్రయం పనుల్లో కేబుళ్ళు లాగుతాడు, ఆదివారాలు ఊరికి వస్తాడు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టం. ఇష్టం ఉన్నట్టు ఊళ్ళో అందరికీ తెలుసు, వరస కూడా కుదిరింది కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేదు. ఎల్లాజీ, కుమారి తండ్రి బావా బావా అనుకునే మనుషులు. ఎన్నికలు కాగానే పప్పన్నం అనుకున్నారు.

అభ్యంతరం ఒక్కరికే ఉంది. ఎల్లాజీ తల్లి గున్నమ్మకి. ఆవిడ వయసు ఎనభై, చెవులు బాగా పనిచేస్తాయి, మోకాళ్ళు పనిచెయ్యవు. మనవడికి గజపతినగరంలో ఉన్న తన కూతురి కూతుర్నే చేసుకోవాలని ఆవిడ పట్టు. ఎల్లాజీకి తల్లంటే భయం, కొడుకంటే ఇష్టం. ఈ రెంటి మధ్యా ఏ మాటా తేల్చకుండా ఏడాది గడిపాడు.

ధనరాజ్ అనుచరుడెవడో జాబితా కాపీ ఒకటి గున్నమ్మ మంచం మీద మర్చిపోయి వెళ్ళాడు. ఆవిడకి చదువు రాదు. శుక్రవారం సెలవు పెట్టి వచ్చిన గోపిని పిలిచి చదవమంది. అతను పాపం నవ్వుతూ చదివాడట. పడమటివీధిలో కుమారి తండ్రి పేరు, పక్కన అన్నయ్య. తూర్పువీధిలో ఎల్లాజీ పేరు, పక్కన అన్నయ్య. అక్కడితో ఆవిడ ఆపమంది.

"భవానికి ఆడూ అన్నే, నా కొడుకూ అన్నేనా? అయితే ఆలిద్దరూ అన్నదమ్ములే గదా. అన్నదమ్ముల పిల్లలికి పెళ్ళేటి? నాను సెప్తన్నానా, లక్ష్మణమ్మే రాసి పెట్టినాది. సదివింది నువ్వే."

గోపి కాగితం కింద పెట్టి ఏదో చెప్పబోయాడు గానీ ఆవిడ వినలేదు. సోమవారం గజపతినగరం నుంచి కూతురూ అల్లుడూ పిల్లని తీసుకుని రావాలని ఫోను చేయించింది. ఫోను నొక్కి ఇచ్చింది కూడా గోపీనే. మా ఊరి మగపిల్లల ధైర్యం ఆ మాత్రమే.

కబురు సాయంత్రానికి పడమటివీధి చేరింది. నేను కొట్టు కట్టేసి వస్తూ చూశాను. కుమారి ల్యాబు కోటు కూడా విప్పకుండా నట్టింట్లో నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. నానమ్మ మొహంలోకి చూసి ఒక్క మాట అంది.

"ఊరందరికీ వరస కలిపినావు నానమ్మా. నాకొక్కదానికీ తెంపీసినావు."

జాబితా టైపు చేసిన వేళ్ళు ఎక్కడ దాచుకోవాలో తెలియక జేబులో పెట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే ఆవిడ ధనరాజ్ ఇంటికి వెళ్ళింది, నన్ను వెంటబెట్టుకుని. ఒక్క గీత మార్చమంది. ఎల్లాజీ పక్కన అన్నయ్య కొట్టేసి బావగారు అని రాస్తే చాలు, ఎలాగూ అదే నిజం, నేనే తప్పు చెప్పాను అంది. ధనరాజ్ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టాడు, కాఫీ ఇప్పించాడు, ఎంతో మర్యాద చేశాడు. ఒక్క గీత కొడితే ఇంకో ఇరవై రెండు గీతలు కొట్టమంటారు, పోలింగు బుధవారం పెట్టుకుని ఇప్పుడు ఇరవై మూడు ఇళ్ళ అన్నల్ని వదులుకోలేనన్నాడు.

"ఎలచ్చనయిపోనీ అత్తా. ఎవల వరస ఆలికి తిరిగిచ్చీత్తాను."

అద్దెకి తెచ్చిన షామియానా గురించి మాట్లాడినట్టే మాట్లాడాడు. సోమవారం పెళ్ళిచూపులని ఆవిడ చెప్పింది. అతనికి ఫోను వచ్చింది, లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాఫీ గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన భవాని తలుపు దగ్గరే నిలబడి అంతా విని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఈవిడకి ఓటు వేసేకంటే ఆ గ్లాసులకి వేయడం నయం అనుకున్నాను.

ఇంటికి వచ్చి లక్ష్మణమ్మ అరుగు మీద కూలబడింది. తప్పు ఒప్పుకుందామా అంటే, మూడు వందల పన్నెండు గుమ్మాల్లో నా నోట తప్పు వరస రాదని తనే చెప్పి వచ్చింది. ఊరుకుందామా అంటే కుమారి మొహం చూడలేకపోతోంది. ఈ సంగతంతా ఎవరికో చెప్పుకుంటున్నట్టు తనలో తనే గొణుక్కుంటోంది. అప్పుడు, ఎప్పుడూ ఏమీ మాట్లాడని నరసింగరావు, ట్రాక్టరు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు.

"తప్పు సెప్పడానికి ఊరంతా తిరిగినావు గదా. ఒప్పుకోడానికి తిరగలేవేటి?"

ఆదివారం పొద్దున్న ఏడింటికి ఆవిడ భరిణె తీసుకుని పడమటివీధి చివర నిలబడింది. పెళ్ళి లేదు, పేరంటం లేదు, ఏం పిలుపని ఆడవాళ్ళు వింతగా చూశారు. ప్రతి ఇంట్లోనూ బొట్టు పెట్టి ఒకటే చెప్పింది. సాయంత్రం పాలు పోసే వేళకి పాలకేంద్రం దగ్గరికి రండి, నిలబడ్డోళ్ళిద్దర్నీ సూద్దురుగాని. ఆఖరుకి అభ్యర్థులిద్దరికీ కూడా బొట్టు పెట్టింది. బొట్టు పెట్టి పిలిచాక రాకపోవడం మా ఊళ్ళో లేదు. ఊరంతా వచ్చింది. గున్నమ్మ కూడా వచ్చింది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోసుకొచ్చారు. ధనరాజ్ ఇదేదో తన సభే అనుకుని పాట పెట్టించబోయాడు. గేదెలు బెదురుతాయని పాలకేంద్రం వాళ్ళు కరెంటు ఇవ్వలేదు.

పాల క్యాన్ల మధ్య నిలబడి లక్ష్మణమ్మ చెప్పింది. జాబితా నాదే. కోడలికి అత్తింటి వరసలు చెప్పాలి, నేను పుట్టింటి నుంచి లాక్కొచ్చి అందర్నీ అన్నదమ్ముల్ని చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు, చేతకాదంటావా అని రోషానికి పోయి చేశాను. ఎల్లాజీ ఆ పిల్లకి అన్న కాడు, బావగారు. గోపికీ కుమారికీ వరస కుదురుతుంది. ఇంతే.

జనంలో చిన్న గోల లేచింది. గున్నమ్మ కుర్చీలోంచే చెయ్యెత్తింది.

"మొన్న అన్న అన్నావు, ఇయ్యాల బావంటన్నావు. మనవరాలి పెళ్ళికోసం ఏటైనా సెప్తావు. నీ మాట ఇంక ఎవలు నమ్మీది?"

అడిగింది న్యాయమే. కుమారి జనం వెనకాల గోడకి ఆనుకుని నిలబడి ఉంది. గోపి ఆమె వైపూ, నాయనమ్మ వైపూ చూస్తూ నిలబడ్డాడు. ఎల్లాజీ పాల క్యాను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీసి పెట్టాడు.

ఎవరో ఝాన్సీలక్ష్మిని అడిగారు, నువ్వు సెప్పమ్మా అని. ఆవిడ తనకి వరసలు తెలియవని, తెలియనిదాని గురించి మాట్లాడనని, కుళాయి గురించి అడిగితే చెప్తానని అంది. కొందరు నవ్వారు. ఈసారి నాకెందుకో నవ్వు రాలేదు.

అప్పుడు దుర్గాభవాని లేచింది. ధనరాజ్ పక్కన కుర్చీలోంచి లేచి, చీర కొంగు సర్దుకుని, రెండడుగులు ముందుకి వచ్చింది. ధనరాజ్ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు, అందలేదు. ఆవిడ జాబితా చూడలేదు. నేరుగా గున్నమ్మ దగ్గరికి వెళ్ళి వంగి, ఊరంతటికీ వినిపించేలా అడిగింది.

"అత్తా, నీ కొడుకు ఎల్లాజీ నాకు అన్నయితే, ఆయన తమ్ముడు నాకేటవుతాడు?"

గున్నమ్మ అర్థం కానట్టు చూసింది. ఏ తమ్ముడు అంది.

"అడుగో, కూకున్నాడు." భవాని వెనక్కి తిరక్కుండా ధనరాజ్ వైపు చెయ్యి చూపించింది. "ఇంటిపేరొకటే. నీ మరిది కొడుకే. ఎల్లాజీ నాకు అన్నయితే ఆయనా నాకు అన్నే. పద్దెనిమిదేళ్ళ కిందట మా పెళ్ళికి పెద్దదానివి నువ్వే, అక్షింతలేసినావు. ఆ పెళ్ళి సెల్లుతాదా, సెల్లదా? నువ్వే సెప్పు."

పేలింది నవ్వు. పాలు పోస్తున్నవాడు కొలత మర్చిపోయాడు. ధనరాజ్ ఇంటిపేరు వాళ్ళే ముందు నవ్వారు, అందులోనూ మొన్న చెల్లెలొచ్చిందని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఇంకా గట్టిగా. తన సొంత పెళ్ళాం పక్కన తను అన్నయ్యగా ఫ్లెక్సీలో నిలబడి ఉన్నట్టు ధనరాజ్‌కి అప్పుడు తెలిసింది. మొహం చూస్తే నాకే జాలేసింది, కాసేపు.

గున్నమ్మ ఇరుక్కుపోయింది. జాబితా నిజమంటే తన చేత్తో అక్షింతలు వేసిన పెళ్ళి పోతుంది, కాదంటే కుమారిని కాదనడానికి కారణం పోతుంది. చాలాసేపు దవడ కదిలించింది. ఆఖరికి, ఆ కాగితం పట్టుకెళ్ళి పొయ్యిలో పెట్టండి అంది. అంతటితో ఆగక, నా మోకాళ్ళు నొప్పి, నన్ను ఇంటికి మొయ్యండి అంది. అదే ఒప్పుకోవడం. రావద్దని గజపతినగరం ఫోను గోపి తనే చేశాడు, ఎవరూ నొక్కి ఇవ్వక్కర్లేకపోయింది.

కుమారి వచ్చి నానమ్మ చేతిలోంచి భరిణె తీసుకుంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఒప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

బుధవారం పోలింగు జరిగింది. ఝాన్సీలక్ష్మి తొమ్మిది ఓట్లతో గెలిచింది. ఆడపడుచు పాట ఆదివారం నుంచే మోగడం మానేసింది. ఆ తొమ్మిది మంది ఎవరో పట్టుకోవడానికి ధనరాజ్ వారం రోజులు ఇంటింటికీ అనుమానంగా తిరిగాడు. ఈసారి ఎవరికీ వరస కలపలేదు.

లక్ష్మణమ్మ మాత్రం దెబ్బతింది. ఆ నెలలో ఊళ్ళో రెండు పెళ్ళిళ్ళయ్యాయి. ఒకరు బొట్టు పిలుపులకి తమ వదినని తిప్పుకున్నారు, ఇంకొకరు వాట్సాప్‌లో పెట్టేశారు. ఆవిడ నరసింగరావు పక్కన ఇంకో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ట్రాక్టర్లు చూడటం మొదలుపెట్టింది. కుమారి పెళ్ళి వచ్చేసరికి, నేను పిలవను, నేను పిలిస్తే ఎవరొస్తారు అని మొండికేసింది. కుమారి వినలేదు. భరిణె చేతిలో పెట్టి, నన్నూ వెంట పంపింది.

మూడు వందల పదకొండు ఇళ్ళు తిరిగాం. ప్రతి గుమ్మంలోనూ ఆవిడ వరస పెట్టి పిలిచే ముందు ఒక్క క్షణం ఆగేది. ఇదివరకు ఆగేది కాదు. కొందరు నవ్వారు, కొందరు నవ్వకుండా నుదురు ముందుకి వంచారు. సర్పంచి ఝాన్సీలక్ష్మి బొట్టు పెట్టించుకుని, మీ వీధికి నీళ్ళు మంగళవారం నుంచి రోజు విడిచి రోజు వస్తాయని చెప్పింది. లక్ష్మణమ్మ ఆవిణ్ణి ఏమని పిలవాలో తెలియక, ముప్పై రెండేళ్ళలో మొదటిసారి ఒక మనిషిని పేరు పెట్టి పిలిచింది.

చివరికి ఉంచుకుంది ధనరాజ్ ఇల్లు. అతను లేడు, సైటుకి వెళ్ళాడు. భవాని వాకిట్లో వడియాలు పెడుతోంది, చేతులు కడుక్కుని వచ్చింది. లక్ష్మణమ్మ బొట్టు పెట్టడానికి చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి ఏడ్చేసింది. నా పిల్ల కోసం నువ్వు లేచావు, లేచినందుకే ఓడిపోయావు, తొమ్మిది ఓట్లమ్మా, ఆ పాపం నాదే అంది.

భవాని ఆవిడ చెయ్యి పట్టుకుని, వేలి మీది కుంకుమ తనే నుదుటికి అద్దుకుంది. వీధిలోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"ఊరుకో పిన్నీ," అంది. "ఆ తొమ్మిదిలో ఒకటి నాదే."